పొరుగామె పెనిమిటికి నేసిన దుప్పటి

కెనడాల మిల్టన్ అనే ఊళ్ళె మా బిడ్డ ఇల్లు పక్కింటికి అతుక్కొని ఉంటది. నడుమ ఒక్కటే గోడ. అటు తలుపు గట్టిగ వేస్తే ఇటు మా గిన్నెలు కదులుతయి. నేను ఈ దేశం వచ్చిన మొదటి చలికాలం పగటిపూట ఇంట్ల ఎవలుండకపోదురు. బిడ్డ, అల్లుడు రైలెక్కి టొరంటో ఆఫీసులకు పోదురు. నేను, ఫ్రిజ్జు, ఫ్రిజ్జు మూలుగు. అట్ల కూసున్నప్పుడు ఒకనాడు గోడ అవతల నుంచి చప్పుడు వినబడ్డది. టక్కు, టక్కు. జెర ఆగుడు. మళ్ళ టక్కు, టక్కు.

వేరేటోళ్ళయితే ఎవలో మేకు కొడ్తున్నరనుకుంటరు. నేను బట్టలు నేసే సాలోళ్ళింట్ల పుట్టి సాలోళ్ళింటికే పోయిన మనిషిని. పోచంపల్లి దిక్కు మాది. అక్షరం ముక్క సరిగ్గ రాదు గని, పేక దూర్చినంక దాన్ని కొట్టి కూసోబెట్టే దెబ్బ ఎట్లుంటదో నిద్రల కూడ చెప్త. మేకు దెబ్బ దిగినంక ఆగిపోతది. ఇది ఆగదు. పొద్దంత నడుస్తది.

పొద్దుమీకి బిడ్డకు చెప్పిన, పక్కింట్ల మగ్గం నడుస్తుందని.

"అమ్మా, కెనడాల మగ్గం ఏంది. వాళ్ళు బేస్‌మెంట్ రిపేర్ చేయించుకుంటున్నరేమో" అన్నది.

"రిపేరోళ్ళు నడుమ నడుమ దారం సర్దుకుంటరా" అన్న.

అది నవ్వింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మా ఆయన పోయినంక మా ఇంట్ల మగ్గం ఇప్పేసిన్రు. గుంటను మట్టితోటి పూడ్చి పైన బండలు పరిచిన్రు. ఆనాటి నుంచి ఆ చప్పుడు నేను వినలేదు.

మర్నాడు కోటు తొడుక్కొని, బూట్లేసుకొని, మంచుల పడిపోకుండ గోడ పట్టుకొని పక్కింటి దిక్కు పోయిన. గారేజీ తలుపు మోకాలంత ఎత్తు లేపి ఉంది. వంగి చూసిన. లోపట కారు లేదు. చాపేసుకొని ఒక ముసలామె కింద కూసున్నది. నాకన్న పెద్దది, గుప్పెడంత మనిషి. కాళ్ళు చాపి ఒక చెక్కకు తన్నిపెట్టింది. పక్కన చిన్న హీటరు ఎర్రగ మండుతుంది. ఆమె నడుముకు వెనక నుంచి ఒక పట్టీ. ఆ పట్టీ నుంచి దారాలు, దారాల అవతలి కొస గారేజీల ఇనుప స్తంభానికి కట్టి ఉంది.

నేను మగ్గం కోసం చూసిన. మగ్గం కనబడలే. నాలుగు కట్టెలు, దారం, ఆమె. అంతే.

ఆమె వెనకకు ఒరిగితే పడుగు బిగుస్తుంది. ముందుకు వంగితే సడలుతుంది. కత్తి లాంటి నల్ల చెక్క ఒకటి దూర్చి పేకను కొట్టింది. టక్కు, టక్కు. అప్పుడు సమజయింది. ఆమె నడుమే మగ్గం. నేను అక్కడనే, మంచుల, నోరు తెరుచుకొని నిలబడ్డ. మాది గుంట మగ్గం, ఇల్లంత ఉంటది. మనిషి పోయి మగ్గంల కూసుంటడు. ఈమెకు మగ్గం వచ్చి ఆమెల కూసున్నది.

ఆమె తలెత్తి చూసింది. నోరు ఎర్రగుంది. వక్క నములుతుంది. నేను బొడ్లున్న సంచి తీసి ఆకు, వక్క, సున్నం చూపిచ్చిన. మా బిడ్డకు ఆ సంచి అంటే మంట. ఆమె మాత్రం చెయ్యి చాపింది. ఆకుకు సున్నం రాసి, మడిచి, దవడకు పెట్టుకొని, కండ్లు మూసుకున్నది. మేం ఇద్దరం ఇంక పేర్లు చెప్పుకోలేదు, ఏ దేశమో అడుక్కోలేదు. అప్పటికే ఒక్క తీరు నములుతున్నం.

ఇంక పడుగు మీదికి వంగి చూసిన. నా పెయ్యి జల్లుమన్నది. అది చిటికి.

చిటికి అంటే తెల్వనోళ్ళకు చెప్త. దారాన్ని అద్దకముందే అక్కడక్కడ కట్టెయ్యాలె. కట్టిన కాడ రంగు ఎక్కదు. కట్లు ఇప్పితే నెయ్యకముందే బొమ్మ దారంలనే ఉంటది. నేసినంక ఆ బొమ్మ అంచులు నీళ్ళల చూసినట్టు జెర చెదిరి కనబడ్తయి. ఇది మా ఇండ్లల్ల పని. లోకంల మాకే తెల్సనుకున్న. ఆమె పడుగు మీద ఎర్రటి దారంల తెల్లటి చిన్న చిన్న మనుషులు చేతులెత్తి నిలబడి ఉన్నరు. పక్కన బల్లులు. అంచులు నీళ్ళల చూసినట్టే.

నేను వేళ్ళతోటి కట్టినట్టు చేసి, ముడిని పంటితోటి గుంజినట్టు చూపిచ్చిన. ఆమె చూసి, ఆమె కూడ కట్టినట్టు చేసి, పంటితోటి గుంజింది. ఇద్దరం కుడిదిక్కు పంటితోటే.

మా ఊరికి ఆమె ఊరికి నడుమ ఎంత సముద్రం ఉందో నాకు తెల్వదు. మా అమ్మకు ఎవలు చెప్పిన్రు, వాళ్ళ అమ్మకు ఎవలు చెప్పిన్రు. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికి కూడ నా చేతి వెంట్రుకలు లేస్తయి.

ఆమె కూతురు పని దిగి వచ్చిందాంక అట్లనే కూసున్న. ఆ పిల్ల ముసలోళ్ళుండే హోంల పని చేస్తది, తాపడం, తినిపించడం, పక్క మార్చడం. నన్ను చూసి జెర బెదిరి, తర్వాత నవ్వి, టీటా అన్నది. వాళ్ళకు ఆంటీ అన్నట్టు. వాళ్ళది ఫిలిప్పీన్స్, కొండల మీదోళ్ళు, ఇఫుగావ్ అంటరట. నాకొచ్చిన ఇంగ్లీషు చాలక, వారం ఆఖరుకు మా బిడ్డను తీస్కపోయి మళ్ళ అడిగిన. దుప్పటి ఎవలకోసం అని.

"మా నాయినకు" అన్నదా పిల్ల.

"ఆయన అక్కడ ఉన్నడా."

"అక్కడనే ఉన్నడు టీటా. చనిపోయిండు."

మా బిడ్డ నా మొఖం చూసింది. నేను ఆ పిల్ల మొఖం చూసిన.

అప్పుడు చెప్పింది. కరోనాకు విమానాలు ఆగిన రోజులల్ల ఆయన కొండ మీద చనిపోయిండు. పెండ్లానికి పోను తొవ్వ లేదు, ఫోన్లనే చూసింది. వాళ్ళల్ల మనిషిని సమాధిల పెట్టినంక అక్కడితోటి అయిపోదు. కొన్నేండ్లకు మళ్ళ తెరుస్తరు. బొక్కలు బయటికి తీసి, శుభ్రం చేసి, కొత్త దుప్పట్ల చుట్టి ఇంటికి తెస్తరు. ఇంట్ల పెట్టుకొని పందులు కోసి, బియ్యం కల్లు పోసి, ఊరంత తింటరు. మనుషులు చనిపోయినాయనతోటి ముచ్చట పెడ్తరు. ఎవల పిల్ల పెండ్లయింది, ఏ గోడ కూలింది, అన్ని చెప్తరు. అయినంక మళ్ళ పెట్టొస్తరు. వానలు పడకముందే చెయ్యాలె. టికెట్లు తీసిన్రు. ముసలామె అది అయిందాంక ఉండి, ఆ దుప్పటి తన చేతితోటి చుట్టాలె. ఆయన కలలకు వచ్చి కాళ్ళు చల్లగున్నయని అంటుండట.

"మీరు చర్చికి పోతరు గదా" అని మా బిడ్డ అడిగింది. ఆదివారం తెల్ల అంగీ వేసుకొని కారెక్కుడు మేం చూస్తం.

ముసలామె ఇంగ్లీషుల తనే జవాబిచ్చింది. "మా చర్చి ఫాదరుకు తెల్సు. పోయినసారి మా అత్తకు చేసినప్పుడు ఆయన కూడ వచ్చి తిన్నడు. రెండుసార్లు వడ్డించుకున్నడు."

ఇంటికొచ్చినంక నేను బువ్వ తినలేదు. మా ఆయన పోయిననాడు నన్ను గడప దాటనియ్యలే. ఆడోళ్ళు కాటికి రావద్దన్నరు. మూడోనాడు మా మరుదులు పోయి ఒక చిన్న కుండల బొక్కలు ఏరుకొచ్చిన్రు, గుడ్డ కట్టి. కుండను ఇంట్లకు కూడ తేలేదు, వాకిట్ల వేపచెట్టు కొమ్మకు కట్టి, తెల్లారి నదికి తీస్కపోయిన్రు. అండ్ల ఏమున్నదో నాకు చూపియ్యలే. నేను అడగలే. అడుగుతరని కూడ నాకు తెల్వదు. ఆయనతోటి ముప్పొద్దుల కూసొని నేసినదాన్ని నేను. ఇక్కడ ఒకామె తన మొగని బొక్కలు ఒళ్ళె పెట్టుకుంటనంటది, దానికి ఊరంత సరే అంటది. ఇట్ల కూడ ఉంటదా అని పొద్దువోయేదాంక అదే.

ఇంక దినాం పోతుంటి. ఆమె నేస్తది, నేను కండెలకు దారం చుట్టి ఇస్త. నేను అక్క అంట, ఆమె నన్ను ఆడింగ్ అంటది, వాళ్ళల్ల చెల్లె అని. ఆమెకు చిన్నప్పుడు బడిల నేర్పిన ఇంగ్లీషు, నాకు టీవీల నేర్చిన ఇంగ్లీషు. రెండు కుంటివే గని, ఆన్కొని నడుస్తుండె.

"మీరు కొండెక్కింది ఎప్పుడు" అని అడిగిన ఒకసారి.

"ఎవలకు తెల్సు ఆడింగ్. మొదలు అందరు పడవల మీద వచ్చిన్రట. ఒక పడవల ఎందరుంటే అందరు ఒక ఊరు. ఇప్పటికి మా దేశంల ఊరిని పడవ పేరుతోటే పిలుస్తరు. మావోళ్ళు పడవ దిగి నది ఎంబడి పైకి నడిచిన్రు. నడుస్తనే ఉన్నరు. నది అయిపోయిన కాడ ఆగిన్రు."

ఫోన్ల వాళ్ళ ఊరు చూపిచ్చింది. నేను మెట్లబాయి అనుకున్న. అంత పెద్ద మెట్లబాయిని బోర్లేసి మబ్బుల దాంక నిలబెట్టినట్టు ఉంది. కాదు, అవి మడులు అన్నది. వరి మడులు. ఒక్కొక్క మెట్టు ఒక పొలం. ఒక్కొక్క పొలానికి మనిషెత్తు కన్న ఎక్కువ రాతి గోడ, సున్నం లేదు, సిమెంటు లేదు. ఎవలు కట్టిన్రంటే తాతల తాతలు, చేతులతోటి. మీద అడివి. అడివిల నుంచి నీళ్ళు మొదటి మడికి, అక్కడి నుంచి కిందికి, కిందికి. పైనోడు నీళ్ళు ఆపొద్దు. గోడల ఒక్క రాయి జారితే కిందున్నోళ్ళ అందరి వరి పోతది.

"అందుకే ఆయన రాలేదు" అన్నది. "కెనడాకు కాగితాలొచ్చినయి. నేను పోతే గోడ ఎవలు చూస్తరు అన్నడు. బిడ్డ పిల్లలు చిన్నగుండె, నేను వచ్చిన. ఆయన గోడ కాడ ఉన్నడు."

నేను ఆ ఫోన్ల మడులను ఎంతసేపు చూసిన్నో. మా దిక్కు బాయి తవ్వుకుంటేనే గొప్ప. వీళ్ళు కొండను నిచ్చెన చేసి దాని మీద బువ్వ పండిచ్చిన్రు.

కింద సముద్రం పొంటి ఉన్నోళ్ళ మీదికి సిలువ పట్టుకొని తెల్లోళ్ళు వచ్చిన్రట. తరాలకు తరాలు ఏలిన్రట, మనుషుల పేర్లు కూడ మార్చిన్రట. కొండ ఎక్కవస్తే వీళ్ళోళ్ళు పైనుంచి రాళ్ళు దొర్లిచ్చిన్రట. తర్వాత ఇంకో తెల్లోళ్ళు, అమెరికావోళ్ళు వచ్చిన్రు. వాళ్ళు బడి పెట్టిన్రు.

"మా తాత తలలు తెచ్చినోడు" అన్నది, పేక దూరుస్తా.

"ఏం తలలు."

"మనుషులవి." నల్ల చెక్కతోటి టక్కున కొట్టింది. "మా నాయిన బడిల గంట కొట్టేటోడు. నేను ఈడ గారేజీల ఉన్న."

ఆమె నవ్వింది. నేను నా మెడ తడుముకున్న. అది చూసి ఇంక నవ్వింది.

ఆ నల్ల చెక్క ఆమెది కాదు, వాళ్ళమ్మది. యుద్ధంల జపానోళ్ళు ఓడిపోతా ఓడిపోతా వాళ్ళ కొండలల్లకే వచ్చి దాక్కున్నరట. ఆకలికి ఇత్తనం వడ్లు కూడ తిన్నరట. పైన విమానాలు బాంబులు, కింద సిపాయిలు. ఈమె అప్పుడు పాలు తాగే పిల్ల. వాళ్ళమ్మ పిల్లను ఈపుకు కట్టుకొని, మగ్గాన్ని చుట్టి చంకల పెట్టుకొని అడివిల పడ్డది. మగ్గం అంటే ఏముంది, నాలుగు కట్టెలు, నేస్తున్న బట్టతోటి కలిపి చుట్టేస్తే చాప లెక్క అయితది. అడివిల ఒక చెట్టుకు కట్టి ఆ బట్ట పూర్తి చేసిందట. మా గుంట మగ్గాలతోటి ఎవలన్న ఉరకగలరా. ఆ చెక్కను నాకు పట్టుకోమని ఇచ్చింది. వాళ్ళమ్మ చేతి పట్టు కాడ పల్లం పడి ఉంది. నా చెయ్యి అండ్ల సరిగ్గ కూసున్నది.

ఇట్ల దుప్పటి సగం దాటింది. ఇంక చలి పూర్తిగ పోకముందు, ఒకనాడు పొద్దుగాల ఆమె చెత్తడబ్బా రోడ్డు మీదికి తీస్కపోతా మంచుల జారింది. ఆమె ఒర్లలేదు. మా అల్లుడు కారు తీస్తా చూసి ఉరికిండు. కుడి మణికట్టు ఇరిగింది. కట్టు కట్టిన్రు. ఆ కట్టు ఇప్పేనాటికి విమానం వెళ్ళిపోతది.

నేను పోయేసరికి గారేజీల పడుగు చుట్టి మూలకు ఆనిచ్చి ఉంది. ఆమె కుర్చీల కూసున్నది. కూతురు బతిమాలుతుంది, "అమ్మా, ఊళ్ళె దొరుకుతయి. టౌన్‌ల షాపుల ఉంటయి, మంచియే."

"షాపుల దుప్పటి కప్పితే ఆయన నా మొఖం చూడడు" అన్నది ముసలామె. "వచ్చేయేడు చేద్దాం."

"టికెట్లు అందరియి తీసినం. మామయ్యలు సింగపూర్ నుంచి వస్తున్నరు. వచ్చేయేడు నీకు ఓపిక ఉంటదా."

ఆ మాట అన్నాక ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. ముసలామె వయసు ముసలామెకు తెల్వదా. కూతురు డ్యూటీకి పోయినంక నా దిక్కు చూసింది. ఎడమ చేతితోటి నడుము పట్టీ తీసి నా ఒళ్ళె ఏసింది.

"నేనా" అన్న. "అక్కా, అది మొగనికి పెండ్లామే నెయ్యాలె గదా."

"మా ఇంట్ల ఆడోళ్ళు అట్లనే నేసిన్రు."

"మరి."

"నీకు మొగడు లేడు. నాకు లేడు. లేనోళ్ళ చెయ్యి అయితే ఆయనకు కొత్త ఉండదు."

"ఇది మీ రివాజా."

"కాదు" అన్నది. "ఇప్పుడే పెట్టిన."

నేను నవ్విన్నో ఏడ్చిన్నో. నా మొగడు పోయినంక మా అక్క బిడ్డ పెండ్లిల పసుపు దంచే కాడికి పోతే, మా సొంత అక్క జెర అవతలికి జరుగు అన్నది. మెల్లగ అన్నది, ఎవలు వినకుండ. నేను జరిగిన. అప్పటి నుంచి ఏ శుభకార్యంల అయిన, ఎవలు చెప్పకముందే నేనే జరుగుత. ఇక్కడ ఒకామె, నీకు మొగడు లేడు గనుక నువ్వే రా అన్నది. నా బతుకుల ఆ మాట వింటననుకోలేదు.

ఇంట్ల చెప్తే మా బిడ్డ గిన్నె కింద పెట్టింది.

"అమ్మా, పీనుగు బట్ట. మనింట్ల దీపం పెడ్తం. ముట్టుకొని వచ్చి వంటింట్ల తిరుగుతవా."

"పీనుగు బట్ట కాదు, దుప్పటి. మీ నాయిన పెండ్లి చీరెలు నేసిండు, పాడె మీద కప్పే తెల్లగుడ్డ కూడ నేసిండు. రెండిటి పైసలతోటే నువ్వు చదివినవ్. అప్పుడు మైల అనలేదేం."

"అది వేరు."

"ఏం వేరు."

మా అల్లుడు కోస్తావోడు, మర్యాదస్తుడు. పెరుగన్నం కలుపుకుంటూ, "అత్తయ్యగారూ, మైల సంగతి తర్వాత. కింద కూర్చుంటే నడుం పట్టేస్తుంది, ఆ దిండు తీసుకెళ్ళండి" అన్నడు. మా బిడ్డ ఆయన దిక్కు కొరకొర చూసింది. దిండు మాత్రం మర్నాడు తలుపు కాడ పెట్టి ఉంది. ఎవలు పెట్టిన్రో నేను అడగలేదు.

నడుముకు పట్టీ కట్టుకొని కూసున్న. ఆమె నడుముకు అరిగి మెత్తబడ్డ పట్టీ అది. వెనకకు ఒరిగిన. అన్ని దారాలు ఒక్కసారి లేచి బిగిసినయి. పెయ్యిల ఉన్న బలమంత పోయి ఆ ఇనుప స్తంభానికి తగిలింది. గుంట మగ్గంల కాళ్ళు తొక్కుతయి, చేతులు ఆడుతయి, నడుము ఊకుంటది. ఈ మగ్గంల మనిషి ఊపిరి తీస్తే దారం బిగుస్తది, ఇడిస్తే సడలుతది. తుమ్మితే బట్టల తెలుస్తది.

నేను గట్టిగ గుంజుతుంటే, ఆమె ఎడమ చేతితోటి నా తొడ మీద చరిచింది. "దున్నుతున్నవా. బట్ట అది, బర్రె కాదు."

కొంచెం కొంచెం అలవాటైంది. ఆమె కుర్చీల కూసొని వక్క నములుతా చూస్తది. నేను ఆమె అమ్మ చెక్కతోటి కొడ్త. ఆ చప్పుడు ఇప్పుడు నా చేతిల నుంచే వస్తుంది. గోడ అవతల ఉన్న మా ఇంట్ల ఎవలూ లేరు, లేకుంటే విందురు.

ఒకనాడు చిన్న మనుషులు నేసిన దిక్కు తేరిపార చూసి చెక్క కింద పెట్టిన. ఆమె నేసిన కాడ మనుషులు పొట్టిగ, గట్టిగ ఉన్నరు. నేను నేసిన కాడ అదే మనిషి తలకాయంత పొడుగు సాగిండు. నా పెయ్యి బరువు, నా గుంజుడు. దారం సాగి బొమ్మ సాగింది, దాంతోటి బట్ట కూడ. ఎంత జాగ్రత్త పడ్డా అట్లనే వస్తుంది. ఆమె నడుము ఆమెది, నా నడుము నాది. సాలోళ్ళ కండ్లకు అది ఊరవతల నుంచి కనబడ్తది. మాకాడ అట్లొస్తే కొనెటోడు మొఖం మీద పారేస్తడు.

"అక్కా, పాడుచేసిన" అన్న. "ఇప్పి మళ్ళ నేస్త."

ఆమె లేచి వచ్చి, వంగి, బొటనవేలుతోటి తన మనిషిని కొలిచింది, నా మనిషిని కొలిచింది. మళ్ళ కొలిచింది. ఇంక రోజులు లేవు. ఇప్పితే అందదు, ఇప్పకుంటే ఆమె మొగనికి కప్పే బట్టల నా తప్పు మిగుల్తది. ఆమె పోయి కుర్చీల కూసున్నది. ఆకుకు సున్నం రాసింది. నమిలింది.

"ఉండనీ" అన్నది.

"ఎందుకు."

"ఉండనీ అన్న గదా. నెయ్యి."

నేసిన. ఆఖరు కొస కాడ నాలుగు వేళ్ళంత పడుగు మిగిలింది, కట్టెలు అడ్డమొచ్చి ఇంక చెక్క దూరదు. అక్కడ కోసి కుచ్చులు ముడేసినం. ఆమెకు ఒక్క చెయ్యి, నాకు రెండు. ముడికి ఆమె దారం పంటితోటి పట్టుకుంటే నేను గుంజిన. దుప్పటి చాప మీద పరిచి చూసినం. ఎర్రటి దాంట్ల తెల్లటి మనుషులు, ఒక దిక్కు పొట్టోళ్ళు, ఇంకో దిక్కు పొడుగోళ్ళు, అందరు చేతులెత్తి. ఆమె దాన్ని మడిచి, విమానంల కింద ఏసే పెద్ద పెట్టెల కాదని, చేతి సంచిల పెట్టుకున్నది. మగ్గం కట్టెలు నా కాడ ఉంచి పోయింది.

ఒక శనివారం పొద్దుగాల ఆ పిల్ల ఫోను చేసింది. ఇక్కడ తెల్లారుతుంటే అక్కడ పొద్దు గూకుతుంది. బిడ్డ ఫోన్‌ను వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బాకు ఆనిచ్చి నిలబెట్టింది. నన్ను కూసోబెట్టి తను పోతుందనుకున్న. పోలేదు, నా కుర్చీ వెనక నిలబడ్డది.

కట్టె ఇల్లు. అవతల గంటలు మోగుతున్నయి, పళ్ళెం కొట్టినట్టు. చాప మీద ముసలామె. కట్టు ఇంక చేతికి ఉంది, మట్టి పట్టి నల్లగైంది. ఆమె ఒళ్ళె ఆమె మొగడు ఉన్నడు.

నేను భయపడ్తననుకున్న. సినిమాలల్ల తెల్లగుంటయి. ఇవి మట్టి రంగు, మన పాత కట్టెల రంగు. ఆమె ఒక్కొక్కటి తీసుకొని గుడ్డతోటి తుడుస్తుంది. తుడుస్తా ఏదో చెప్తుంది, కోపంగ ఏం కాదు, మొగడు పొలం నుంచి ఆలస్యంగ వస్తే చెప్పినట్టు. తలను రెండు చేతులతోటి, కట్టు చేతితోటి కూడ, పట్టుకొని నుదురు కాడ తుడిచింది. మా బిడ్డ చెయ్యి నా భుజం మీద పడ్డది. నా నుదురుకే ఎవలో తుడిచినట్టయింది నాకు. మనిషి పోయినంక కూడ పెండ్లానికి పని ఉంటది, ఆ పని ఆమెకు ఇస్తరు, ఎవలు అవతలికి జరగమనరు. నేను కండ్లార చూసిన.

దుప్పటి పరిచిన్రు. తల పొట్టి మనుషుల దిక్కు పెట్టింది. కాళ్ళ బొక్కలు, పొడుగాటియి, పొడుగు మనుషుల దిక్కు. కాళ్ళ మీద మడత ఏసి, సర్ది, ఎడమ అరచేతితోటి అద్దింది. అప్పుడు ఫోన్ దిక్కు తిరిగింది.

"ఆడింగ్, చూసినవా" అన్నది. "పొడుగు మనిషి ఈయన. బతికినన్ని రోజులు ఏ దుప్పటి కప్పినా కాళ్ళు బయటికే. ఈసారి సరిపోయింది."

ఆనాడు ఉండనీ అన్నది ఇందుకా.

ఆమె ఫోన్ తీసుకొని మూట కాడ పట్టుకున్నది. ఎర్రటి మూట ఒక్కటే కనబడ్తుంది, దాని మీద చేతులెత్తిన నా మనుషులు. "నీ సంగతి చెప్పిన ఈయనకు. ఏమన్న మాట్లాడు. ఇంటడు."

"నాకు మీ భాష రాదు గదా అక్కా."

"నీ భాషల మాట్లాడు. ఇప్పుడు ఈయనకు అన్ని వస్తయి."

చచ్చినోళ్ళతోటి నేను ఎన్నడు మాట్లాడలేదు. మా ఆయనతోటి కూడ. ఏం మాట్లాడాలె. బల్ల మీదికి వంగిన.

"ఏమయ్యా" అన్న. "చలి తగ్గిందా."

అవతల గంటలు ఆగి మళ్ళ మొదలైనయి. ఆమె ఫోన్ అట్లనే పట్టుకొని ఉంది, తొందరేం లేదన్నట్టు. వెనక నుంచి మా బిడ్డ మెల్లగ, "అమ్మా, నాయినకు ఏ రంగంటే ఇష్టం" అన్నది. నేను తిరగలేదు. మూట దిక్కే చూస్తా చెప్పిన, నీలం అని.